వెబ్‌పేజీ విప్పి చూడటానికి తలకిందుల సలహాలు

వెబ్‌పేజీ లోపల ఏముందో చూడటానికి ఉచితంగా దొరికే మంచి టూల్ చెప్పమని అడిగినవాళ్లకి నేను చెప్పే మొదటి మాట నచ్చదు. వెతకడం ఆపేయండి అంటాను. ‘టాప్ టెన్ ఫ్రీ టూల్స్’ జాబితాలు చదువుతూ, ఒక్కొక్కటే ఇన్‌స్టాల్ చేసుకుంటూ, బ్రౌజర్ పైభాగాన రంగురంగుల బొమ్మలు బారులు తీరేదాకా పోగుచేసుకోకండి. మీకు కావలసింది మీ బ్రౌజర్‌లో ఇప్పటికే ఉంది. అదేదో ఉచితంగా పంచే శాంపిల్ సరుకు కాదు. ఆ బ్రౌజర్ తయారుచేసేవాళ్లూ, పెద్ద పెద్ద సైట్లు కట్టేవాళ్లూ రోజూ వాడే సరంజామా అదే.

క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఏదైనా సరే, పేజీలో ఏదో ఒక మాట మీద రైట్ క్లిక్ కొట్టి ‘ఇన్‌స్పెక్ట్’ నొక్కండి. అప్పుడు తెరుచుకునేదే ఇన్‌స్పెక్టర్. ఎఫ్12 మీట నొక్కినా అది తెరుచుకుంటుంది. కొన్ని లాప్‌టాప్‌లలో ఆ మీటని సౌండుకో వెలుతురుకో కేటాయిస్తారు కాబట్టి ఎఫ్ఎన్ మీట కూడా పట్టుకోవాలి. కంట్రోల్, షిఫ్ట్, సీ కలిపి నొక్కితే మౌస్ ఎక్కడ ఆనిస్తే అక్కడి ముక్క వెలుగుతుంది, దాని కోడు పక్క పలకలో కనిపిస్తుంది. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్. సఫారీ ఒక్కటే కాస్త బెట్టు చేస్తుంది. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ అనే చోట వెబ్ డెవలపర్ల సదుపాయాలు చూపించమని టిక్కు పెడితే గానీ ఆ మెనూ బయటపడదు.

టూల్‌ని విడిగా దించుకోవాలన్న ఆలోచన ఒకప్పుడు సరైనదే. 2006 జనవరిలో జో హెవిట్ ఫైర్‌ఫాక్స్ కోసం ఫైర్‌బగ్ అనే యాడ్-ఆన్ విడుదల చేసేనాటికి కోడు రాయడం, సేవ్ చెయ్యడం, పేజీ రీలోడ్ చెయ్యడం, తేడా ఎక్కడ కొట్టిందో ఊహించుకోవడం, ఇదే వరస. హెవిట్ ఫైర్‌ఫాక్స్ తొలినాళ్ల ప్రోగ్రామర్లలో ఒకరు. తెర మీద నడుస్తున్న పేజీనే పట్టుకుని మార్చి, ఫలితం అక్కడికక్కడే చూసుకునే వీలు ఫైర్‌బగ్‌తో మామూలు డెవలపర్లందరి చేతికీ వచ్చింది. అదే నెలలో సఫారీ వెనకున్న వెబ్‌కిట్ బృందం తమ వెబ్ ఇన్‌స్పెక్టర్‌ని పరిచయం చేసింది. 2008లో ఒపెరా బ్రౌజర్ డ్రాగన్‌ఫ్లై అనే టూల్ తెచ్చింది, ఆ సెప్టెంబరులో క్రోమ్ పుడుతూనే వెబ్‌కిట్ ఇన్‌స్పెక్టర్‌ని వెంట తెచ్చుకుంది, 2009లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 కూడా దారికొచ్చింది. చివరికి 2017లో ఫైర్‌బగ్ ఆగిపోయింది, ఎందుకంటే అది చేసే పనంతా ఫైర్‌ఫాక్స్ కడుపులోకే వచ్చేసింది. ఇవాళ విడి టూల్ కోసం వెతకడమంటే ఆ పాత కాలపు అవసరాన్ని ఇంకా మొయ్యడమే.

ముందు పాడుచెయ్యండి

వెబ్ పాఠాలు సాధారణంగా ట్యాగుల జాబితాతో మొదలవుతాయి. హెడ్, బాడీ, డివ్, స్పాన్, సెక్షన్ అంటూ పేర్లన్నీ కంఠతా పట్టించి, ఆఖరి వారంలో ఇన్‌స్పెక్టర్ చూపిస్తారు. ఆ వరస తిప్పేయండి. ఒక్క ట్యాగు పేరు కూడా తెలియకుండానే ఏదైనా దినపత్రిక సైటు తెరిచి, ఇన్‌స్పెక్టర్ తీసి, కనిపించిన వరసనల్లా డిలీట్ చెయ్యడం మొదలుపెట్టండి.

వెబ్‌పేజీ అంటే ఒకదాన్లో ఒకటి దూర్చిన గిన్నెల దొంతర. బయటి గిన్నె తీసేస్తే లోపలివన్నీ దాంతోపాటే పోతాయి, లోపలిది తీస్తే అదొక్కటే పోతుంది. ఇన్‌స్పెక్టర్‌లో కోడు కనిపించే ఎలిమెంట్స్ పలకలో ఒక వరస మీద క్లిక్ చేసి డిలీట్ కొట్టగానే సగం పేజీ మాయమైతే మీరు పట్టుకున్నది బయటి గిన్నె. కంట్రోల్, జెడ్ నొక్కండి, తిరిగొస్తుంది. వరస పక్కనున్న చిన్న బాణం నొక్కి ఒక మెట్టు లోపలికి దిగి మళ్లీ డిలీట్ కొట్టండి. ఈసారి కుడివైపు పట్టీ మాత్రమే పోతుంది. ఇంకో మెట్టు దిగండి, ఒక ఫొటో పోతుంది. ఒక అరగంట ఇలా చేసినవాడికి ఏది దేన్లో ఉందో, ఏది దేని పక్కన ఉందో చేతికే తెలిసిపోతుంది. పేరెంట్, చైల్డ్, సిబ్లింగ్ అనే మాటలు ఆ తర్వాత నేర్చుకుంటే అవి పేర్లుగా మిగలవు, అప్పటికే చూసినవి అవుతాయి.

డిలీట్‌తో సరిపడా ఆడుకున్నాక, ఒక ముక్కని ఎంచుకుని కీబోర్డు మీద హెచ్ అనే అక్షరం నొక్కండి. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ అది ఆ ముక్కని కనపడకుండా చేస్తుంది, తీసెయ్యదు. ఇప్పుడు తేడా గమనించండి. డిలీట్ చేసినప్పుడు కింది వార్తలన్నీ పైకి జరిగి ఆ ఖాళీని మింగేశాయి. హెచ్ నొక్కినప్పుడు ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. లేకపోవడం వేరు, ఉండి కనపడకపోవడం వేరు. డిస్‌ప్లే నన్‌కీ విజిబిలిటీ హిడెన్‌కీ తేడా ఏమిటని ఇంటర్వ్యూల్లో ఇష్టంగా అడిగే ప్రశ్నకి జవాబు మీరు ఇప్పుడే కళ్లారా చూశారు.

వార్త చదవబోతుంటే తెరంతా కమ్మేసే ప్రకటనలు వస్తాయి చూశారూ, వాటిలో ఒకదాని మీద ఇన్‌స్పెక్ట్ కొట్టి తీసెయ్యండి. ప్రకటన పోతుంది గానీ చాలాసార్లు పేజీ కదలదు, మౌస్ చక్రం ఎంత తిప్పినా అక్కడే ఉంటుంది. ఇక్కడే విసిగి వదిలేస్తారు. వదలొద్దు. ఎలిమెంట్స్‌లో పైకి వెళ్లి బాడీ అన్న వరసని ఎంచుకోండి. పక్కనున్న స్టైల్స్ పలకలో ఓవర్‌ఫ్లో హిడెన్ అనే లైను తరచుగా కనిపిస్తుంది, దాని ముందున్న టిక్కు తీసేయండి. పేజీ కదులుతుంది. ప్రకటన పెట్టినవాళ్లు చేసింది రెండు పనులని, పైన ఒక పెట్టె పరిచి, కింద పేజీని కదలకుండా కట్టేశారని అప్పుడు తెలుస్తుంది.

ఇదంతా చేసి రీఫ్రెష్ కొడితే పేజీ మళ్లీ మొదటికొస్తుంది. మీరు చెరిపింది మీ కంప్యూటర్‌కి వచ్చిన ప్రతిని, పత్రికవాళ్ల సర్వర్‌లో ఉన్నదాన్ని కాదు. అయినా పక్కనుంచి చూసేవాళ్లు “హ్యాకింగ్ చేస్తున్నావా?” అంటారు. ఆ భయం చిన్నవాళ్లకే కాదు. 2021 అక్టోబరులో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఒక విలేకరి, అక్కడి విద్యాశాఖ పేజీల సోర్సులో ఉపాధ్యాయుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు కనిపిస్తున్నాయని కనిపెట్టాడు. ఆయన పనిచేసే సెయింట్ లూయిస్ పోస్ట్-డిస్పాచ్ పత్రిక ముందు ఆ శాఖకి చెప్పి, వాళ్లు పేజీలు తీసేదాకా ఆగి, ఆ తర్వాతే వార్త వేసింది. గవర్నర్ మైక్ పార్సన్ మాత్రం దాన్ని హ్యాకింగ్ అన్నారు, కేసు పెట్టిస్తానన్నారు. 2022 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ అభియోగాలు మోపేది లేదని తేల్చారు. తప్పు చూపించినవాణ్ని నెలల తరబడి నేరస్థుడిలా నిలబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మీ యంత్రానికి వాళ్లు పంపిన దాన్ని మీరు చదవడం చదవడమే. అడ్రస్ పట్టీలో నంబరు మార్చి పక్కవాళ్ల హాల్‌టికెట్ తెరవడం దీనికిందికి రాదు. అది మీది కానిదాన్ని సర్వర్ దగ్గర అడిగి తెచ్చుకోవడం. ఆ పని చెయ్యకండి.

పాడుచెయ్యడంలో ఇంకొక్క మెట్టు. ఫోన్‌లో కొన్ని పేజీలు పక్కకి ఊగుతుంటాయి, ఏదో ఒక ముక్క తెర దాటి బయటికి పొడుచుకు రావడం వల్ల. ఆ ముక్కని పట్టుకోవడానికి స్టైల్స్ పలకలో కూడిక గుర్తు నొక్కి కొత్త రూల్ పెట్టండి. సెలెక్టర్‌గా నక్షత్రం గుర్తు, లోపల అవుట్‌లైన్, ఒక పిక్సెల్ ఎర్ర గీత. పేజీలో ప్రతి పెట్టె చుట్టూ ఎర్ర గీత పడి చూడ్డానికి దరిద్రంగా తయారవుతుంది. తెర బయటికి సాగిన పెట్టె మాత్రం వెంటనే దొరికిపోతుంది. బార్డర్ వాడకండి, బార్డర్ చోటు తీసుకుని అమరికనే మార్చేస్తుంది. అవుట్‌లైన్ చోటు అడగదు.

సోర్స్ కోడుని నమ్మకండి

కంట్రోల్, యూ నొక్కితే వచ్చే సోర్సే అసలు పేజీ అని చాలామంది నమ్మకం. అసలైనది ఇన్‌స్పెక్టర్‌లో ఉన్నదే అంటాను. సోర్సు సర్వర్ పంపిన పాఠం మాత్రమే. ఆ పాఠాన్ని చదివి, తప్పులుంటే తనకు తోచినట్టు కాదు, నిర్ణీత నియమాల ప్రకారం దిద్దుకుని, జావాస్క్రిప్ట్ చెప్పిన మార్పులన్నీ కలుపుకుని బ్రౌజర్ కట్టుకున్న చెట్టు వేరే ఉంటుంది. దాన్నే డామ్ అంటారు. మీ కంటికి కనిపించే పేజీ ఆ చెట్టు నుంచి గీసినదే.

దీన్ని చూడటానికి నేను చూపించే పేజీ ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైట్‌ది. జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన ఆ సైటుని సెర్న్ 2013లో పాత చిరునామాకే తిరిగి తెచ్చింది. ఇన్ఫో డాట్ సెర్న్ డాట్ సీహెచ్‌కి వెళ్లి, మొదటి వెబ్‌సైట్ చూడండి అనే లింకు నొక్కండి. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు, నీలం లింకులు, అంతే. ముందు సోర్సు తెరవండి. ట్యాగులన్నీ పెద్దబడి అక్షరాల్లో ఉంటాయి. మొదట్లో ఉండాల్సిన హెచ్‌టీఎంఎల్ ట్యాగు లేదు. హెడ్ కూడా లేదు, ఆ చోట హెడర్ అని ఉంది, దాని లోపల పేజీ టైటిల్ ఉంది. ఇప్పుడు అదే పేజీలో ఇన్‌స్పెక్టర్ తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరూ రాయని హెచ్‌టీఎంఎల్ ట్యాగు అన్నిటికీ పైన వచ్చి కూర్చుంది. ఎవరూ రాయని హెడ్ పుట్టింది, లోపల ఏమీ లేకుండా. బాడీ కంటే ముందు రాసిన హెడర్ ఇప్పుడు బాడీ లోపలికి చేరింది, టైటిల్‌ని ఒళ్లో పెట్టుకుని. పెద్దబడి అక్షరాలన్నీ చిన్నబడి అయ్యాయి. ఆ పేజీ రాసిననాటికి ఇవాళ్టి నియమాలే లేవు. అయినా ఇవాళ్టి బ్రౌజర్ దాన్ని చదివి, తన పద్ధతికి సర్దుకుని, చక్కగా చూపిస్తోంది. ఇంత ఓర్పు వెబ్‌కి తప్ప మరే సాఫ్ట్‌వేర్‌కీ లేదని నా గట్టి అభిప్రాయం.

ఇదే సర్దుబాటు పనిలో ఇబ్బంది పెట్టే చోటు పట్టికలు. టేబుల్ రాసినవాళ్లు టీబాడీ అనే ట్యాగు పెట్టకపోయినా డామ్‌లో బ్రౌజర్ దాన్ని చేరుస్తుంది. ఇన్‌స్పెక్టర్‌లో రైట్ క్లిక్ కొట్టి ఎక్స్‌పాత్‌ని, అంటే ఆ ముక్కకి చేరే దారిని, కాపీ చేసుకుని, పైథాన్ ప్రోగ్రాములో అతికించే పిల్లలు “బ్రౌజర్‌లో కనిపిస్తోంది సార్, ప్రోగ్రాముకి దొరకట్లేదు” అని తల పట్టుకునేది చాలాసార్లు ఈ టీబాడీ దగ్గరే. ప్రోగ్రాము చదివేది సోర్సుని, దారి కాపీ చేసింది డామ్ నుంచి. ఆ ఒక్క మాట తీసేస్తే పని జరిగిపోతుంది.

సోర్సుకీ డామ్‌కీ దూరం ఎంత ఉందో కొలవాలంటే జావాస్క్రిప్ట్ ఆపేయండి. క్రోమ్ ఇన్‌స్పెక్టర్‌లో కంట్రోల్, షిఫ్ట్, పీ నొక్కి, వచ్చిన పెట్టెలో జావాస్క్రిప్ట్ అని టైపు చేస్తే దాన్ని డిసేబుల్ చేసే ఆదేశం కనిపిస్తుంది. నొక్కి రీలోడ్ చెయ్యండి. తెలుగు వికీపీడియాలో ఇలా చేస్తే వ్యాసం చెక్కుచెదరదు, హాయిగా చదువుకోవచ్చు. టికెట్లు అమ్మే సైట్లలో, షాపింగ్ సైట్లలో చాలావాటికి తెల్ల తెర మిగులుతుంది. అలాంటివాటి సోర్సు తెరిస్తే దాదాపు ఖాళీ డివ్ ఒకటి, కింద నాలుగు స్క్రిప్టులు, అంతే ఉంటాయి.

మౌస్ పక్కన పెట్టండి

నిర్మాణం చూడటానికి కళ్లు, మౌస్ కావాలనుకుంటాం. రెండూ మోసం చేస్తాయి. మౌస్ వదిలేసి ట్యాబ్ మీట ఒక్కటే నొక్కుకుంటూ పేజీ మొత్తం తిరగండి. నొక్కిన ప్రతిసారీ ఏదో ఒక లింకు చుట్టూనో బటన్ చుట్టూనో గీత పడాలి. బటన్‌లా కనిపించే ‘సమర్పించండి’ మీద ఆ గీత ఆగకుండా దాటిపోయిందంటే అది బటన్ కాదు. డివ్‌కి రంగు పూసి, మూలలు గుండ్రంగా చేసి, క్లిక్ తగిలించి బటన్ అనిపించారు. కంటికి తేడా తెలియదు. కీబోర్డుతోనే పనిచేసుకునేవాళ్లకి ఆ ఫారం అక్కడితో ఆగిపోతుంది.

దాని మీద ఇన్‌స్పెక్ట్ కొట్టి యాక్సెసిబిలిటీ పలక తెరవండి. క్రోమ్‌లో స్టైల్స్ పక్కనే ఉంటుంది, ఫైర్‌ఫాక్స్‌లో 2018 నుంచి దానికి ప్రత్యేకమైన ట్యాబే ఉంది. నిజమైన బటన్ అయితే రోల్ దగ్గర బటన్ అని, నేమ్ దగ్గర దాని మీదున్న మాట కనిపిస్తాయి. ఉత్తుత్తి బటన్ అయితే ఆ రోల్ ఉండదు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి అందేది ఈ పలకలో ఉన్నదే. పేజీ నిర్మాణం ఎంత బాగుందో చెప్పమంటే నేను ఎలిమెంట్స్ కంటే ముందు ఇదే తెరుస్తాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, ప్రభుత్వ వెబ్‌సైట్లకి మార్గదర్శకాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. అయినా పింఛను ఫారంలో, హాల్‌టికెట్ పేజీలో ట్యాబ్ మీట దారి తప్పుతూనే ఉంది. మీకు కనిపించినప్పుడు ఆ సైటువాళ్లకి రాయండి. ‘సైటు బాగాలేదు’ అని రాస్తే ఎవరూ చదవరు. ‘సమర్పించండి అన్న చోట బటన్ ట్యాగు లేదు, కీబోర్డుకి అందట్లేదు’ అని రాస్తే దిద్దేవాడికి పని తేలిక.

తెలుగు పేజీతోనే నేర్చుకోండి

ఇంగ్లిష్ పేజీలతో నేర్చుకుని తర్వాత తెలుగుకి రమ్మంటారు. నేను తెలుగుతోనే మొదలుపెట్టమంటాను. తెలుగు అక్షరం కింద వత్తులు, పైన గుణింతపు గుర్తులు, ఇన్ని ఉన్న లిపి పేజీ కట్టడంలోని పొరపాట్లన్నిటినీ బయటపెడుతుంది. ఇంగ్లిష్ వాటిని దాచేస్తుంది.

‘రాష్ట్రంలో’ అనే మాట ఉన్న పెద్ద శీర్షిక ఒకటి చూడండి. చాలా సైట్లలో కింద ఉండాల్సిన ట, ర వత్తులు సగానికి తెగిపోయి ఉంటాయి. ఫాంటుని తిట్టుకుంటాం. ఇన్‌స్పెక్ట్ కొట్టండి. స్టైల్స్‌లో లైన్ హైట్ 1 అనో 1.1 అనో ఉంటుంది, దానికి తోడు ఓవర్‌ఫ్లో హిడెన్. ఇంగ్లిష్ శీర్షిక కోసం కొలిచి కుట్టిన పెట్టె అది. ఆ అంకె మీద క్లిక్ చేసి 1.6 చెయ్యండి. వత్తులు బయటికి వస్తాయి. ఫాంటు ఏ పాపం ఎరగదు.

తర్వాత ఫాంటు సంగతి. స్టైల్స్ పలకలో ఫాంట్ ఫ్యామిలీ దగ్గర ఏదో పేరు ఉంటుంది. అది వాళ్లు కోరుకున్న ఫాంటు మాత్రమే. నిజంగా వాడినది తెలియాలంటే క్రోమ్‌లో కంప్యూటెడ్ అనే ట్యాబు అట్టడుగుకి వెళ్లండి. ఏ ఫాంటుతో ఎన్ని అక్షర రూపాలు గీశారో లెక్కతో సహా ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఫాంట్స్ అనే ట్యాబు దీనికోసమే ఉంది, ఈ విషయంలో నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కే. స్టైల్స్‌లో ఏరియల్ అని ఉండి, కింద నిర్మలా యూఐ అని తేలుతుంది. ఏరియల్‌లో తెలుగు అక్షరాలే లేవు కాబట్టి విండోస్‌లో ఉన్న ఫాంటుని బ్రౌజర్ తనంతట తాను తెచ్చుకుంది. అదే పేజీ ఆండ్రాయిడ్‌లో చూస్తే నోటో ఫాంటు రావచ్చు. ‘మా ఆఫీసులో బాగానే ఉంది, పాఠకుల ఫోన్లలో వంకరగా ఉంది’ అనే తగువు చాలావరకు ఇక్కడే తీరిపోతుంది. మండలి, రామభద్ర, మల్లన్న, గురజాడ లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. పేరు చెప్పి, ఫైలు కూడా జతచేస్తే అందరికీ ఒకేలా కనిపిస్తుంది.

పాత పేజీ దొరికితే అదృష్టమే. యూనికోడ్ స్థిరపడక ముందు తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు వార్త బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపించేవి, ఎందుకంటే పేజీలో నిజంగా ఉన్నవి అవే. తెలుగు రూపం ఫాంటులోనే ఉండేది. అప్పట్లో పద్మ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్ ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. అలాంటి పేజీ మీద ఇన్‌స్పెక్ట్ కొడితే, కంటికి కనిపించేదీ లోపల నిల్వ ఉన్నదీ వేరువేరని అర్థం కావడానికి మరో పాఠం అక్కర్లేదు. ఇప్పటికీ ప్రకటనల్ని బొమ్మలుగా చేసి అతికించే కార్యాలయాలు అదే తప్పు మరో రూపంలో చేస్తున్నాయి. ఇన్‌స్పెక్టర్‌లో ఐఎంజీ అన్న ఒక్క వరస తప్ప ఒక్క తెలుగు అక్షరం దొరకదు. వెతికితే దొరకదు, చదివించుకుంటే వినపడదు.

చివరగా అన్నిటికంటే పైన ఉన్న హెచ్‌టీఎంఎల్ వరసలో ల్యాంగ్ అన్న చోట ఏముందో చూడండి. తెలుగు వికీపీడియాలో ‘టీ, ఈ’ అనే రెండక్షరాలు ఉంటాయి, తెలుగుకి గుర్తు అది. పేజీ నిండా తెలుగే ఉన్నా ఆ చోట ఇంగ్లిష్ గుర్తు వదిలేసిన సైట్లు కోకొల్లలు, టెంప్లేట్ ఎలా వచ్చిందో అలాగే ఉంచేస్తారు. స్క్రీన్ రీడర్ ఆ గుర్తు చూసే ఏ గొంతుతో చదవాలో తేల్చుకుంటుంది. రెండక్షరాలు మారిస్తే పోయే ఇబ్బంది ఇది.

నలుగురూ మెచ్చిన ఎక్స్‌టెన్షన్‌నే ఎక్కువ అనుమానించండి

లక్షలమంది వాడుతున్నారంటే నమ్మదగినదే అనుకోవడం సహజం. దొంగ కన్ను పడేదీ దాని మీదే. వెబ్ డెవలపర్ అనే ఎక్స్‌టెన్షన్ ఈ రంగంలో అందరికీ తెలిసినది, మంచి పేరున్నది, పేజీ నిర్మాణం చూడటానికే పుట్టినది. 2017 ఆగస్టులో దాని రచయితకి ఒక ఫిషింగ్ మెయిల్ వచ్చింది. ఆ దారిన ఖాతా చేజిక్కించుకున్నవాళ్లు క్రోమ్ వెర్షన్‌కి ఒక కొత్త అప్‌డేట్ వదిలారు. వాడుతున్నవాళ్ల పేజీల్లో ప్రకటనలు దూరాయి. అప్పటికి దాన్ని వాడేవాళ్లు పది లక్షలకి పైనే. రచయిత ఆలస్యం చెయ్యకుండా బయటికి చెప్పి, సరిచేసి కొత్త వెర్షన్ ఇచ్చారు. ఆయన నిజాయితీ వల్ల ఆ కథ మనకి తెలిసింది.

‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడం, మార్చడం’ అనే అనుమతి అడిగే ఎక్స్‌టెన్షన్ మీ బ్యాంకు పేజీని కూడా చదవగలదు. బ్రౌజర్‌లోని ఇన్‌స్పెక్టర్‌కి అలాంటి కొత్త అనుమతి ఇవ్వక్కర్లేదు. తప్పనిసరి అయితే ఒకటో రెండో చాలు, యాక్సెసిబిలిటీ తప్పులు చూపించే వేవ్ లాంటివి. అవి కూడా బ్యాంకు పనులకి వాడని వేరే ప్రొఫైల్‌లో పెట్టుకోండి. ట్యాగులు సరిగా ఉన్నాయో లేదో చూడాలంటే డబ్ల్యూ3సీ వాళ్ల వాలిడేటర్ సైటులో చిరునామా ఇస్తే సరిపోతుంది, దించుకునే పనే లేదు.

పిల్లలకి మార్కులు మార్చడం నేర్పండి

ఈ సలహాకి టీచర్లు కోప్పడతారు. అయినా వెనక్కి తీసుకోను. పదో తరగతి ఫలితాల పేజీ తెరిచి, లెక్కల మార్కుల మీద ఇన్‌స్పెక్ట్ కొట్టి, ఎలిమెంట్స్ పలకలో ఆ అంకె మీద డబుల్ క్లిక్ చేసి, 45ని 95 చెయ్యడం మీ పిల్లలకి మీరే చూపించండి. ఎంటర్ నొక్కగానే పేజీలో 95 కనిపిస్తుంది. అదే ఫాంటు, అదే రంగు, పైన అదే చిరునామా. స్క్రీన్‌షాట్ తీస్తే కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ వెంటనే రీఫ్రెష్ కొట్టించండి. 45 తిరిగొస్తుంది.

ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి, బ్యాంకు పేజీలో నిల్వ అంకెతో ఇదే చేసి చూపించండి. రీఫండ్ పేరుతో ఫోన్ చేసే మోసగాళ్ల ముఖ్యమైన ఎత్తు ఇదే. దూరం నుంచి కంప్యూటర్ చేతికి తీసుకుంటారు, తెర కాసేపు కనపడకుండా చేసి అంకెలు మారుస్తారు, “పొరపాటున ఎక్కువ పంపేశాం, నా ఉద్యోగం పోతుంది, మిగిలింది తిరిగి పంపండి” అని ఏడుస్తారు. ఖాతాలోకి రూపాయి కూడా వచ్చి ఉండదు. ఒకసారి సొంత ఇంట్లో, మనవడి చేత్తో అంకె మారడం చూసిన తాతయ్యకి ‘ముందు రీఫ్రెష్ కొట్టు, లేదా బ్యాంకుకి వెళ్లి పాస్‌బుక్ వేయించు’ అన్న మాట గుర్తుంటుంది. ఎన్నికలప్పుడు వాట్సాప్‌లో తిరిగే వార్తల స్క్రీన్‌షాట్లకీ ఇదే మందు. బొమ్మ కాదు, లింకు పంపమనండి.

పిల్లలకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఇన్‌స్పెక్టర్‌లో కన్సోల్ అనే ట్యాబులో మీరు రాయనిదీ, మీకు అర్థం కానిదీ అతికించకూడదు. ‘ఈ కోడ్ పెడితే నీ ప్రొఫైల్ ఎవరు చూశారో తెలుస్తుంది’ అని వచ్చే మెసేజీలన్నీ మీ ఖాతా మీ చేతులతోనే వాళ్లకి అప్పగించే పథకాలు. ఫేస్‌బుక్ కన్సోల్ తెరిస్తే పెద్ద ఎర్ర అక్షరాల్లో ఆగమని రాసి ఉండేది అందుకే. బ్రౌజర్లు కూడా మొదటిసారి అతికించబోతే అడ్డుపడి హెచ్చరిస్తాయి. దాన్ని దాటడం ఎలాగో కూడా మోసగాళ్లే నేర్పుతారు. ఇక్కడ మాత్రం పిల్లల ధైర్యానికి హద్దు పెట్టండి.

పాత ఫోన్ బయటికి తియ్యండి

ఇన్‌స్పెక్టర్‌లో ఫోన్ బొమ్మ నొక్కితే పేజీ ఫోన్ సైజుకి కుంచించుకుంటుంది. చాలామంది దాంతో పరీక్ష అయిపోయిందనుకుంటారు. అది కొలత మాత్రమే. ఫోన్‌లో ఉండే ఫాంట్లు, దాని నెమ్మది ప్రాసెసర్, వేలి ముద్ర అంత వెడల్పున్న తాకిడి, ఇవేవీ అందులోకి పూర్తిగా రావు. కొత్త ఫోన్ మీద చూసినా లాభం లేదు, అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. బీరువాలో పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోన్ తియ్యండి, క్రోమ్ నడిస్తే చాలు.

ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. వాటిలో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఫోన్‌ని కంప్యూటర్‌కి కలపండి. కేబుల్ డేటా పంపేదై ఉండాలి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లతో ఏమీ జరగదు. కంప్యూటర్‌లోని క్రోమ్‌లో అడ్రస్ పట్టీలో క్రోమ్ అని, కోలన్, రెండు ఏటవాలు గీతలు, ఆపైన ఇన్‌స్పెక్ట్ అని కొడితే ఫోన్‌లో తెరిచి ఉన్న పేజీల జాబితా వస్తుంది. ఒకదాని పక్కన ఇన్‌స్పెక్ట్ నొక్కండి. ఇక కంప్యూటర్‌లో మీరు ఏ వరస మీద మౌస్ ఆనిస్తే, చేతిలో ఉన్న ఫోన్ తెర మీద ఆ ముక్క వెలుగుతుంది. డిలీట్ కొడితే ఫోన్‌లో పోతుంది. తెగిన వత్తు దగ్గర లైన్ హైట్ మారిస్తే ఫోన్‌లోనే సరైపోతుంది. ఆ పాత ఫోన్ మీద కంప్యూటెడ్ ట్యాబులో ఏ తెలుగు ఫాంటు వచ్చిందో చూసి రాసుకోండి. పని అయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేయండి.